అలకపిట్ట రేవు

మా ముసురుపట్నానికీ మా ఏటికీ మాటల్లేవన్న సంగతి, మునిసిపాలిటీ వాళ్ళు చెప్పేదాకా మాకు తెలియదు.

మా ఊళ్ళో ఏడాదికి ఎనిమిది నెలలు వాన పడుతుంది. మిగిలిన నాలుగు నెలలూ పడేలా ఉంటుంది. ఏరు ఆషాఢంలో పెరట్లోకి వస్తుంది, శ్రావణంలో వంటింట్లోకి వస్తుంది, భాద్రపదంలో మంచం కింది చెప్పులు పట్టుకుని వీధిగుమ్మంలోంచి వెళ్ళిపోతుంది. ఇంత రాకపోకలున్న చుట్టం మాకు మరొకరు లేరు. అలాంటిది, ఒకరోజు టౌన్‌హాల్లో సభ పెట్టి, కమిషనర్ పరాంకుశంగారు మైకు పట్టుకున్నారు.

"నగరానికీ నదికీ మధ్య తెగిపోయిన అనుబంధాన్ని పునరుద్ధరించుటకై పైనుంచి ఉత్తర్వులు వెలువడినవి," అన్నారు.

టౌన్‌హాలు పైకప్పు కారుతోంది. మేమంతా గొడుగులు వేసుకుని వింటున్నాం. ఏటి ఒడ్డున విశాలమైన మెట్లు కడతారట. వాన తోట వేస్తారట. నీళ్ళు ఇంకే రాళ్ళు పరుస్తారట. దీన్నంతా కలిపి సుస్థిర ప్రకృతి రూపకల్పన అంటారట.

పల్లాలమ్మ లేచింది. రేవులోంచి అవతలి లంకకి పడవ వేసేది ఆవిడే. అంతకుముందు ఆవిడ అత్తగారు వేసింది. ఆ రేవు మెట్ల పక్కనే నేను గొడుగులు బాగుచేస్తాను. మాకు ఏ చుట్టరికమూ లేదు గానీ, ముప్ఫై ఏళ్ళుగా పక్కపక్కన వానలో కూర్చోవడం వల్ల నేను బావనీ, ఆవిడ మరదలూ అయిపోయాం.

"అయ్యా, నేను రోజుకి ఇరవైసార్లు ఏట్లోకి ఎల్తన్నాను. తెగిపోయిందని తమకి ఎవరు సెప్పారండి?" అంది.

"అది వినియోగం అమ్మా. అనుబంధం వేరు."

"అనుబంధం ఉన్నోళ్ళు ఏం సేత్తారండి?"

కమిషనర్‌గారు కాగితాలు తిరగేసి, వెతికి పట్టుకున్నారు. "ఒడ్డున కూర్చుని నీటిని చూస్తారు."

"పనీ పాటా లేకుండానా?"

"ఆ. అది ముఖ్యం."

"అయితే మా బావకి ఉందండి," అని నన్ను చూపించి కూర్చుంది.

జనం నవ్వారు. గుమాస్తా మాత్రం నవ్వకుండా రాసుకున్నాడు. దాంతో సభ వివరాల్లో నేను 'నదితో అనుబంధం గల ఏకైక పౌరుడు'గా ఎక్కాను. నాకు ఎనిమిదో తరగతిలో కూడా అంత పేరు రాలేదు, మూడుసార్లు చదివినా.

*

వైశాఖంలో మా ఊరికి ఒక పది రోజులు ఎండ వస్తుంది. ఆ పది రోజుల్లో మా ఊరు చూసినవాళ్ళు మా ఊరు చూడనట్టే లెక్క. రూపకల్పన చేసే నైమిషగారు సరిగ్గా ఆ పది రోజుల్లోనే వచ్చారు. పెద్ద అంచుల టోపీ, మెడలో కెమెరా, చేతిలో నోటుపుస్తకం. పాపం, మంచి మనిషి. ప్రతిదాన్నీ చూసి ఆశ్చర్యపోయేవారు.

"స్థానిక విజ్ఞానం లేకుండా నేను గీత కూడా గీయను. ముందు మీరు చెప్పండి," అని నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. "ఆ గోడ మీద తెల్లటి గీత ఏమిటి?"

రేవు గోడ మీద నిలువెత్తున ఒక సున్నపు గీత ఉంటుంది. ఏటా వరద తీశాక, నీళ్ళు ఎందాకా వచ్చాయో చూసి పల్లాలమ్మ దాన్ని గీస్తుంది. మా ఊళ్ళో ఇల్లు కట్టుకునేవాడు ముందు ఆ గీత చూసి, తరవాత పునాది తీస్తాడు.

"వరద గీతండి. శ్రావణంలో నీళ్ళు అక్కడిదాకా వస్తాయి," అన్నాను.

నైమిషగారు కింద ఎక్కడో పారుతున్న ఏటిని చూశారు, పైన గీతని చూశారు, నన్ను చూసి నవ్వారు. "మీరు భలే సరదా మనిషండీ," అన్నారు. రాసుకోలేదు.

నిజం చెప్తే ఇలా ఉంటుంది.

"ఇక్కడికి ఏ పక్షులు వస్తాయి?"

"కాకులండి. కొంగలండి."

ఆవిడ ముఖం చిన్నబోయింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని కాకులతో పంపించడానికి నాకు మనసు ఒప్పలేదు. "మరి, అలకపిట్టండి," అన్నాను.

పెన్ను లేచింది.

"నల్లగా ఉంటుందండి. ఇంతలేసి రెక్కలు. మెడ కొక్కెంలా వంగి ఉంటుంది. పొద్దున్నే ఈ మెట్టు మీదకే వస్తుంది. మనిషి గొంతు వినపడిందంటే అలుగుతుంది. అలిగిందంటే ఇంక ఏడాది దాకా ఈ ఛాయలకి రాదు."

"మీరు చూశారా?"

"ఒక్కసారి చూశానండి. నోరు మూసుకుని ఉన్న రోజున."

పల్లాలమ్మ పడవలోంచి అందుకుంది. "ఈయన నోరు మూసుకున్న రోజు మా ఊళ్ళో ఎవరికీ గేపకం లేదండి."

ఆ మాట కూడా ఆవిడ రాసుకోలేదు. పిట్ట మాత్రం రెండు పేజీలు వచ్చింది.

*

కార్తీకంలో నోటీసు వచ్చింది. పల్లాలమ్మ పడవ తాడుకి కట్టి వెళ్ళాడు బంట్రోతు.

'సదరు రేవు అలకపిట్ట నిశ్శబ్ద ఆవాస మండలముగా ప్రకటించబడినందున, ఇకపై ఇచ్చట పడవ నడుపుట, గెడ వేయుట, ప్రయాణికులను కేక వేసి పిలుచుట నిషిద్ధము. ప్రత్యామ్నాయముగా శ్మశానము దిగువ ఒడ్డు కేటాయించడమైనది.'

నా కొట్టు ఉండొచ్చట, అనుబంధం గల పౌరుణ్ణి కాబట్టి. మాట్లాడకూడదట.

పల్లాలమ్మ కాగితం రెండుసార్లు చదివి, మడిచి, రవికలో పెట్టుకుంది.

"శ్మశానం దగ్గర్నుంచి బజారుకి మూడు కిలోమీటర్లు," అంది. "లంక ఆడోళ్ళు ఆనపకాయ గంపలు నెత్తినెట్టుకుని ఆ బురదలో నడుత్తారా? నాలుగు రోజులు సూసి, వంతెన మీంచి ఆటోలో పోతారు. నేను పడవ కొట్టుకుని పొయ్యిలోకి ఎట్టుకుంటాను." నా వైపు తిరిగింది. "బాగా నవ్వొచ్చిందా బావా?"

అదే ఆఖరు మాట. ఆ రోజు నుంచి పల్లాలమ్మ నాతో మాట్లాడలేదు.

మర్నాడు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని కమిషనర్‌గారి దగ్గరికి వెళ్ళాను.

"అయ్యా, ఆ పిట్ట లేదండి. నేను సరదాకి చెప్పాను."

ఆయన ఫైలు తెరిచారు. "నలభై ఏడో పేజీలో ఉంది."

"పేజీలో ఉంటుందండి. ఏట్లో లేదండి."

"ఇది పాలకవర్గ ఆమోదం పొందిన పక్షి. లేదనాలంటే అంతరించిపోయినట్టు ధ్రువపత్రం కావాలి. అంతరించిందనాలంటే, ముందు ఉండేదని రుజువు చేయాలి. నీ దగ్గర రుజువుందా?"

"లేనిదానికి రుజువేంటండి?"

"చూశావా. రుజువు లేకుండా వచ్చి పక్షిని తీసెయ్యమంటే ఎలా?" అని, గొంతు తగ్గించారు. "అయినా ఈ పథకం కింద మన ఊరికి ఒక పిట్ట ఉండటం పై ఊరివాళ్ళకి కంటగింపుగా ఉంది. ఎవరు పంపించారు నిన్ను?"

నేను దణ్ణం పెట్టి వచ్చేశాను. జీవితంలో ఒక్కసారి నిజం ఒప్పుకోవడానికి వెళ్తే, గూఢచారిని అయ్యాను.

*

పిట్టని లెక్కపెట్టడానికి ఒక పరిశీలకుణ్ణి వేశారు. రోజూ ఒక కాగితం నింపాలి. పక్షి వచ్చిందా, రాలేదా, రాకపోతే కారణం. మొదటి రోజు 'రాలేదు' అని రాశాడు. కారణం దగ్గర కాస్త ఆలోచించి, 'అలిగినది' అని రాశాడు.

కాగితం పైకి వెళ్ళింది. అలిగిందంటే చప్పుడైనట్టు. ఎక్కడైంది? విచారణ జరిపి, నిశ్శబ్ద మండలాన్ని యాభై గజాలు పెంచారు. మర్నాడూ అలిగింది. వంద గజాలు పెంచారు. సంక్రాంతి దాటేసరికి నాలుగు వీధులు మండలంలోకి వచ్చేశాయి. అలా పెరుగుతూనే ఉంది.

బడిలో పిల్లలు ఎక్కాలు మనసులో చదువుతున్నారు. పంతులుగారు మనసులో తిడుతున్నారు. కొబ్బరిబొండాలవాడు బేరాలు వేళ్ళతో ఆడుతున్నాడు. మా ఎదురింటి ఆలుమగలు రెండు పలకలు కొనుక్కుని, వాటి మీద రాసుకుని పోట్లాడుకుంటున్నారు. ఆవిడ పలక పెద్దది. గొడుగు విప్పితే టప్పుమంటుందని, ఇంటి దగ్గరే విప్పుకుని రమ్మన్నారు. జనం విప్పిన గొడుగులతో గుమ్మాల్లో ఇరుక్కుని నా దగ్గరికి వచ్చేవారు. వ్యాపారం బాగుంది. నవ్వడానికి పక్కన మనిషి లేదు.

తొలకరితో వాన మొదలైంది. రేకుల కప్పుల మీద వాన చప్పుడు చేస్తోందని పరిశీలకుడు రాశాడు. కప్పుల మీద గోనె సంచులు పరుచుకోమన్నారు. సంచులు పరిచాక కప్పల గొంతు బయటపడింది. కప్పలకి నోటీసు ఇచ్చే అధికారం మునిసిపాలిటీకి లేదు. అందుకని, 'తమ తమ ఆవరణలలోని కప్పలను తమ అదుపులో ఉంచుకొనవలెను' అని ఇంటి యజమానులకి ఇచ్చారు.

ఇంతలో కట్టడం పూర్తయింది. చూపుకి అడ్డమొస్తోందని రేవు గోడ కొట్టేశారు. గోడతోపాటు సున్నపు గీత పోయింది. వీధిలోంచి ఏట్లోకి ఇరవై నాలుగు మెట్లు, పెళ్ళిమండపంలా ఉన్నాయి. అడుగు మెట్ల దగ్గర, నీళ్ళలో స్తంభాల మీద ఒక నిశ్శబ్ద వేదిక. పక్కన వాన తోట. దానికి రోజూ రెండు పూటలా నీళ్ళు పొయ్యాలని ఒప్పందమట. తోటమాలి వానలో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో పైపు పట్టుకుని తడిపేవాడు. ఆ గొడుగు నేనే బాగుచేశాను.

నగరానికి అనుబంధం ఏర్పడేదాకా ఏటి దగ్గరికి ఎవరూ రాకూడదని గేటు వేశారు.

శ్మశానం ఒడ్డు నుంచి బయల్దేరిన పల్లాలమ్మ పడవ నా కొట్లోంచి దూరంగా కనిపించేది. మొదట్లో పదేసి మంది ఎక్కేవారు. తరవాత నలుగురు. శ్రావణానికి ఇద్దరయ్యారు. ఒకసారి వెళ్ళి పలకరించాను. ఆవిడ లంక మనిషితో, "ఆ గొడుగులాయన్ని తప్పుకోమనండి, తాడు తగులుద్ది," అంది.

*

శ్రావణంలో పైనుంచి పరిశీలక బృందం వస్తోందని కబురు. అనుబంధం ఎంత ఏర్పడిందో చూసి బహుమతి ఇస్తారట. ముఖ్యంగా పిట్టని చూస్తారట.

నేను మూడు రోజులు కొట్టు మూసుకున్నాను. ఎవరో వదిలేసి పోయిన పెద్ద నల్ల గొడుగు ఒకటి ఉంది నా దగ్గర. దాని ఊచలు విరిచి రెండు రెక్కలు చేశాను. వంకీ పిడి మెడ అయింది, పిడి కొస చెక్కితే ముక్కు. రెండు చొక్కా గుండీలు కళ్ళు. తాడు లాగితే రెక్కలు టప్పున విచ్చుకుంటాయి.

బృందం వచ్చే రోజు పొద్దున్నే శ్మశానం ఒడ్డుకి వెళ్ళి, దాన్ని పడవ ముక్కుకి కట్టి, తాడు కొస గెడ వేసే చోట ముడి వేశాను. పల్లాలమ్మ వచ్చింది. పిట్టని చూసింది. నన్ను చూసింది.

"పది గంటలకి ఏటి మధ్యలోంచి ఒక్కసారి అటు రా మరదలా. చాలు," అన్నాను.

ఆవిడ పడవ ఎక్కి గెడ అందుకుంది. పిట్టని విప్పి పారెయ్యలేదు.

పది గంటలకి వేదిక మీద కమిషనర్‌గారు, నైమిషగారు, పైనుంచి వచ్చిన ముగ్గురు పరిశీలకులు, అనుబంధం గల పౌరుణ్ణి నేను నిలబడి ఉన్నాం. చప్పుడు కొలిచే పెట్టె ఒకటి స్తంభానికి తగిలించారు. గొంతు పెరిగితే అది కుయ్యిమని ఊరంతా వినపడేలా అరుస్తుంది. దాని అరుపుకి మినహాయింపు ఉంది.

వాన జోరందుకుంది. అడుగు మెట్టు మునిగింది. రెండోది మునిగింది.

పెద్ద పరిశీలకుడు గుసగుసగా అడిగారు. "ఈ నీటిమట్టం నమూనాలో ఉందా?"

"నది నగరాన్ని సమీపిస్తున్నదండి. అదే మా లక్ష్యం," అన్నారు కమిషనర్‌గారు, గుసగుసగానే.

లక్ష్యం మా మోకాళ్ళ దాకా వచ్చింది. మనుషులు దిగడానికి కట్టిన మెట్లు నీళ్ళు ఎక్కడానికి కూడా పనికొస్తాయని నలభై ఏడు పేజీల్లో ఎక్కడా రాయలేదు. వెనక్కి తిరిగి చూస్తే పన్నెండు మెట్లు లేవు. మాకూ వీధికీ మధ్య ఎర్రనీరు సుళ్ళు తిరుగుతోంది. వీధిలో ఊరంతా గొడుగులు వేసుకుని, నిబంధన ప్రకారం నిశ్శబ్దంగా నిలబడి చూస్తోంది. ఎదురింటావిడ పలక ఎత్తింది. 'మునిగిపోతున్నారా?' అని ఉంది.

కమిషనర్‌గారు తలూపారు.

ఆవిడ తుడిచి, మళ్ళీ రాసి ఎత్తింది. 'ఎవరికి చెప్పాలి?'

అప్పుడు వానలోంచి పడవ ముక్కు బయటికి వచ్చింది.

"పడవ," అన్నారు కమిషనర్‌గారు గుసగుసగా. "అమ్మా, పడవ."

పల్లాలమ్మ గెడ ఆనించి ఆగింది. "ఏంటండీ?"

పెట్టె కుయ్యిమంది.

"ఇటు తీసుకురా."

"వానలో వినపడట్లేదండి. కూసింత గట్టిగా సెప్పండి. రేవులోకి రాకూడదని తమరు కాయితం ఇచ్చారు. నా దగ్గరే ఉంది, సదవమంటారా?"

"సదరు ఉత్తర్వు," అని కమిషనర్‌గారు మొదలుపెట్టారు. నీళ్ళు నడుము దాటాయి. "రద్దు."

"ఏమైందన్నారండి?"

ఆయన కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, బజారు దాకా వినపడేలా అరిచారు. "రద్దు చేశాను తల్లీ, పడవ వెయ్యి."

తొమ్మిది నెలల తరవాత మా వీధిలో వినపడ్డ మొదటి మనిషి కేక అది. పెట్టె కూడా అరుద్దామనుకుంది గానీ అప్పటికే మునిగిపోయింది. పల్లాలమ్మ గెడ ఎత్తి పోటు వేసింది. ఆ ఊపులో తాడు లాగుకుంది. పడవ ముక్కు మీద నల్లటి రెక్కలు టప్పున విచ్చుకున్నాయి.

నైమిషగారు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు. "వచ్చింది," అన్నారు.

*

పడవలో అందరం తడిసి ముద్దై కూర్చున్నాం. పెద్ద పరిశీలకుడు పిట్టనే చూస్తున్నారు. వానా, ఆయన కళ్ళజోడు మీద నీళ్ళూ నాకు సాయం చేశాయి.

"తొమ్మిది నెలల నిశ్శబ్దానికి రాని పక్షి, ఇంత గోలలో ఎందుకు వచ్చింది?" అన్నారు.

అందరూ నా వైపు తిరిగారు. నిజం చెప్పడం నేను ఒకసారి చేసి చూశాను.

"కమిషనర్‌గారూ, తమరు పెళ్ళిలో అలకపాన్పు ఎక్కారా?"

ఆయన ఇబ్బందిగా కదిలారు. "ఎక్కాను. రిస్టువాచీ కోసం."

"ఆ పూట మీ అత్తవారు అందరూ నోళ్ళు మూసుకుని, పాన్పు చుట్టూ కంచె వేసి, మీరు దిగారో లేదో రాయడానికి ఒక మనిషిని పెడితే దిగేవారా?"

ఆయన ముఖంలో ఏదో పాత గాయం కదిలింది. "గంటన్నర ఎవరూ రాలేదు. ఇంకా ఎక్కువ అలిగాను."

"మరండి. అలిగినవాళ్ళని వదిలేస్తే రారు. ఎవరి వల్ల అలిగారో వాళ్ళు వచ్చి, తప్పు నాదేనని దగ్గర కూర్చుని బతిమాలాలి. ఈ పిట్ట చిన్నప్పటి నుంచి వింటున్నది పల్లాలమ్మ కేక. అది ఆపేశాం. అలగదా మరి?"

ఆ మాటలు ఎవరికి చెప్పానో పడవలో ఒక్క మనిషికే తెలుసు. ఆవిడ నీళ్ళకేసి చూస్తూ గెడ వేస్తోంది.

వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. 'అలకపిట్ట అలక నివారణార్థము, సదరు రేవు నందు రోజుకు ఇరవై మార్లకు తక్కువ కాకుండా పడవ నడుపవలెను. కేక తప్పనిసరి. పడవపై పక్షి ఉండవలెను.' కప్పల మీది ఆంక్షలు ఎత్తేశారు. మా ఊరికి బహుమతి కూడా వచ్చింది, నగరమూ నదీ ఇంత గాఢంగా కలిసిపోవడం మరెక్కడా చూడలేదని.

వరద తీశాక పల్లాలమ్మ సున్నపు తట్టతో వచ్చి, వేదిక స్తంభం మీద గీత గీసింది. నైమిషగారు పక్కన నిలబడితే ఆ గీత ఆవిడ టోపీకి జానెడు పైన ఉంది.

"ఇదేమిటి?" అని నన్ను అడిగారు.

"వరద గీతండి."

ఆవిడ పైకి ఒకసారి చూసి, పుస్తకం తీసి రాసుకున్నారు.

మర్నాడు పొద్దున్న నేను కొట్లో ఊచలు వంచుకుంటున్నాను. "లంకకి... లంకకెల్లేవోళ్ళు రండోయ్..." అని కేక. ఆనపకాయల గంపలు దించుకుంటూ లంక ఆడవాళ్ళు గోలగోలగా మెట్లెక్కి బజారుకి పోయారు. ఆ వెనకాల పల్లాలమ్మ వచ్చి, పడవ ముక్కు మీంచి విప్పి తెచ్చిన పిట్టని నా ముందు పెట్టింది. ఆవిడ నాతో మాట మానేసి తొమ్మిది నెలలు దాటి పన్నెండు రోజులు.

"కుడి రెక్క తెరుచుకోవట్లేదు బావా," అంది.

నేను పిట్టని అటూ ఇటూ తిప్పి చూశాను.

"అలిగినట్టుంది," అన్నాను.

"అయితే కూర్చుని బతిమాలు. రెండోసారి పడవ ఏసేలోపు కావాలి నాకు," అని గెడ భుజాన వేసుకుని మెట్లు దిగింది.